కోరుట్ల లారీ, సిరిసిల్ల రిమోటు

మా షాపులో చచ్చిపోయిన బండి అంటూ ఏదీ ఉండేది కాదు. ఒకటి నడవకపోతే దాని మోటారు ఇంకో బండిలో తిరిగేది, చక్రాలు వేరేదానికి పోయేవి, ఏరియల్ మరెవరింట్లోనో ఊగుతుండేది. మిగిలిన డొక్కు గోడ మీది అరలో కూర్చునేది. నేను చెబుతున్నది నిజం బండ్ల గురించి కాదు, రిమోటుతో నడిచే బొమ్మ బండ్ల గురించి. నవ్వకండి. జగిత్యాలలో ఆ పని మీదే ముగ్గురం చాలా ఏళ్ళు బతికాం.

ఆ రోజుల్లో కోరుట్ల దిక్కు ఏ ఊళ్ళో చూసినా ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండేవారు. సెలవు మీద వచ్చినప్పుడు దుప్పట్లు, సబ్బులు, సెంటు సీసాలతో పాటు పెట్టెలోంచి ఒక రిమోటు బండి తప్పకుండా దిగేది. ఇంటిల్లిపాదీ వంతులేసుకుని తోలేవారు. గోడకు గుద్ది, నీళ్ళలో ముంచి, ఏ చార్జర్ దొరికితే ఆ చార్జర్ పెట్టి, పొగ వచ్చాక మా దగ్గరికి తెచ్చేవారు. వాటి సామాను హైదరాబాదులో అడిగినా దొరికేది కాదు. చేసినవాడెవడో చైనాలో కూర్చుని ఉంటాడు, వాడికి జగిత్యాల గోస ఏం తెలుసు? ఒకదాని సామాను ఇంకోదానికి ఎక్కించడం తప్ప మాకు వేరే దారి లేదు.

షాపు ఉస్తాద్‌ది. ఇంట్లో ఉర్దూ, గల్లా దగ్గర తెలుగు, కోపమొస్తే రెండూ. పూర్వం రేడియోలు బాగుచేసిన చెయ్యి. నన్ను ఈ పనిలోకి తెచ్చింది ఆయనే. మాది గొల్లపల్లి దిక్కు కూలి చేసుకునే ఇల్లు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు పరాయివాళ్ళ పొలానికి. నేను జగిత్యాలకు వచ్చి ఒక వైండింగ్ షాపులో మోటార్లకు రాగితీగ చుట్టేదాన్ని. ఒకనాడు ఉస్తాద్ అక్కడికి ఏదో పని మీద వచ్చి, వెంట్రుకంత తీగను నేను తెగకుండా చుట్టడం చూస్తూ నిలబడిపోయాడు. "బేటా, నా దుకాన్ల కూసుంటవా? ఈడ నీ చెయ్యి ఖరాబైతాంది" అన్నాడు. వెళ్ళి కూర్చున్నాను. చూపు మందగించి పని మానేసేదాకా అదే బల్ల, అదే స్టూలు.

"ఆడమనిషి బొమ్మకార్లు బాగుజేసుడేంది" అని ఎవరైనా కిసుక్కుమంటే, "నీ నోరు గూడ ఇటు తే, టంకం పెట్టి మూస్త" అనేదాన్ని. నాకు కోపం ఎక్కువ, ఇప్పటికీ తగ్గలేదు. "నీకు కరెంటు అక్కర్లేదు బేటా, ఉత్తగనే వేడెక్కుతవు" అని ఉస్తాద్ ఎగతాళి చేసేవాడు.

మూడో మనిషి విరిగిన ప్లాస్టిక్కు అతికేవాడు. అందరం అతుకులన్న అనేవాళ్ళం. చేతికన్నా నోరు ఎక్కువ ఆడేది. తెలంగాణ కొట్లాట మొదలయ్యాక ఆయన కాలు షాపులో నిలవలేదు. బయట "జై తెలంగాణ" అని వినబడితే చాలు, గమ్ము డబ్బాకు మూతైనా పెట్టకుండా ఉరికేవాడు. తిరిగొచ్చేసరికి గమ్ము రాయిలా గట్టిపడి ఉండేది. "రాష్ట్రం అత్తది గని నీ గమ్ము రాదు" అని నేను తిట్టేదాన్ని. "తెలంగాణ రానియ్యక్కా, గమ్ము కడవలతోని కొనిస్త" అనేవాడు.

మా షాపుకో పద్ధతి ఉండేది. నేనింకెక్కడా చూడలేదు. ఒకరి బండిలోని సామాను ఇంకొకరి బండికి ఎక్కిస్తే, ఆ రెండిళ్ళవాళ్ళూ వియ్యంకులు. ఉస్తాద్ సమ్ధీలు అనేవాడు. ఇద్దరూ షాపుకొచ్చి ఎదురెదురుగా కూర్చోవాలి. ఇచ్చేవాళ్ళు "ఇస్తున్నం" అని నోటితో అనాలి. పుచ్చుకునేవాళ్ళు చాయ్ తాగించాలి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు, మా ఉస్తాద్ మాత్రం ఒక్కటీ ఆడనిచ్చేవాడు కాదు. గేరుకు ఒక పన్ను అరిగి ఉంటే అది కూడా చాయ్ తాగేటప్పుడే చెప్పాలి. "ఇంకోని ఇంట్ల తిరిగిన చీజ్ బేటా ఇది. అడగకుంట తీస్తే దొంగతనమే" అనేవాడు.

మొదట్లో నాకిది పనిలేని పని అనిపించింది. కానీ బజారులో ఒకరికొకరు ఎదురుపడి, "ఏం వియ్యంకుడా, మా మోటరు మంచిగున్నదా?" అని పలకరించుకోవడం చూశాక నోరు మూసుకున్నాను. ఒకరింటి పెళ్ళికి ఒకరు నిజంగానే పోయినవాళ్ళున్నారు. ఎవరికి ఏ కులమో, ఏ మతమో ఆ చాయ్ దగ్గర ఎవరూ అడగలేదు.

ఇక అసలు సంగతి.

కొట్లాట జోరు మీదున్న ఏడు. అందరూ సమ్మెలో దిగారు. బస్సులు డిపోల్లోంచి కదలలేదు, బడులకు తాళాలు, ఆఫీసుల ముందు టెంట్లు. అలాంటప్పుడు కోరుట్ల నుంచి ఒకామె ఆటోలు మారి మారి మా షాపుకొచ్చింది. వేళ్ళకు తునికాకు మరక ఉంది, బీడీలు చుట్టే మనిషని చూడగానే తెలిసింది. ఒళ్ళో గుడ్డమూట. విప్పితే లారీ. మూరెడు పొడవు, పచ్చ రంగు, తలుపులు కూడా తెరుచుకుంటున్నాయి.

"మా ఆయన సౌదీల ట్యాంకర్ తోలేటోడక్కా" అంది. "బండి బోర్లవడి నడుము ఇరిగింది. కాళ్లు పడిపోయినయి. ఇంటికచ్చి మంచంల వడ్డడు. గీ లారీ ఒక్కటే ఆయనకు. పొద్దంత మంచంల ఉండే ఇల్లంత తోలుతుండె. వాకిట్లకు వొయ్యేది, వంటింట్లకెల్లి మలుపుకచ్చేది. మొన్న పక్కింటోళ్ల చార్జర్ పెట్టినం, టప్పుమన్నది. లారీ ఆగిన కాడికెల్లి మనిషి గూడ ఆగిండు. గోడ దిక్కు తిరిగి పండుకుండు. బువ్వ పెడితే రెండు బుక్కలు. మాట లేదు, మంతి లేదు."

ఉస్తాద్ స్క్రూలు విప్పాడు. మోటారు, గేర్లు, చక్రాలు బంగారంలా ఉన్నాయి. సర్క్యూట్ మాత్రం మాడి బొగ్గయింది. రిమోటు చెప్పేమాట వినేది ఆ సర్క్యూటే. అది లేకపోతే లారీ చెవిటిది. హైదరాబాదుకు మనిషిని పంపుదామంటే బస్సు లేదు, పంపినా అక్కడ దొరకదు.

ఉస్తాద్ తలెత్తి అర వైపు చూశాడు. నేనూ అటే చూశాను. అరలో సిరిసిల్ల జీపు ఉంది. అంతకు కొన్ని నెలల ముందు ఒకామె తెచ్చింది. సాంచా అనే మరమగ్గం మీదికెక్కించే బరువైన నూలు బీము జారి దాని మీద పడింది. అడుగు నుజ్జు, గేర్లు పిండి. సర్క్యూట్ మాత్రం ఎట్లా బతికిందో బతికింది. ఇది నడవదమ్మా అని ఉస్తాద్ చెబితే, "ఉండనియ్యుండ్రి, ఎప్పుడన్న నడుస్తదేమో" అని వదిలిపెట్టి వెళ్ళిపోయింది.

ఉస్తాద్ ఆమెకు ఫోన్ చేశాడు. "లోపలిది తీసుకోండ్రి సాబ్. నడిచేదాంట్ల ఉంటెనే మంచిది" అంది. వియ్యంకులు ఎదురెదురుగా కూర్చునే వీలు లేదు. సమ్మె అయ్యాక చాయ్ తాగుదామని ఉస్తాద్ మొదటిసారి తన పద్ధతిని పక్కన పెట్టాడు.

నేను సర్క్యూట్ ఎక్కించాను. సన్నటి తీగలు, ఊపిరి బిగబట్టి చేసే పని. చక్కగా కుదిరింది. అప్పుడు రిమోటు కోసం చెయ్యి చాపాను. లేదు. అరలో లేదు, డబ్బాల్లో లేదు. అతుకులన్న ఎక్కడో పడేశాడని ఆయన మీద అంతెత్తున లేచాను. పాపం, ఆయన బల్ల కిందికి దూరి వెతుకుతుంటే నాకు గుర్తొచ్చింది. ఆ సిరిసిల్ల ఆమె జీపు ఒక్కటే వదిలింది, రిమోటు చేతిలో పట్టుకునే వెళ్ళిపోయింది.

ఏముంది, మా దగ్గర రిమోట్లకు కరువా అనుకున్నాం. రేకు డబ్బా నిండా ఉన్నాయి. ఒక్కొక్కటీ పట్టుకుని నొక్కితే లారీ ఉలకదు, పలకదు. లారీ సొంత రిమోటుకు కూడా లేవలేదు. ఒక్కదానికి మాత్రం లేచింది. ముందుకు నొక్కితే వెనక్కి పోయింది, ఎడమకు నొక్కితే ముందుకు పోయింది, వేలు తీసినా ఆగలేదు. బల్ల కిందికి దూసుకుపోయి ఉస్తాద్ నమాజుకు పోయేటప్పుడు తొడుక్కునే చెప్పుల్లో ఇరుక్కుంది. మా అనుభవమంతా కలిపి ఆ రోజు తేలింది ఒక్కటే: ఆ సర్క్యూట్ తన రిమోటు మాట తప్ప ఇంకెవరి మాటా వినదు.

మళ్ళీ ఫోన్ చేశాం. "రిమోట్ ఇయ్య" అంది. అంతే, ఫోన్ పెట్టేసింది.

నాకు మండింది. "సర్క్యూట్ ఇచ్చినామెకు రిమోటు ఇస్తే ఏమైతదట? తలకాయ ఇచ్చి జుట్టు ఇయ్యనన్నట్టున్నది" అన్నాను. కోరుట్ల ఆమె మాటలు నా చెవుల్లోంచి పోవడం లేదు. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి కంటి ముందు కనబడుతున్నాడు. "నేను వొయ్యి తెస్త" అని లేచాను. ఉస్తాద్ ఆపలేదు. "అడుగు. గుంజుకురాకు" అన్నాడంతే.

బస్సులు లేకున్నా మీటింగులకు బండ్లు మాత్రం ఉండేవి. ఆ రోజుల్లో పెళ్ళికి పోవాలన్నా, చావుకు పోవాలన్నా ఏదో ఒక మీటింగు వ్యాన్ ఎక్కి, రెండు నినాదాలిచ్చి, మధ్యలో దిగిపోవడమే. నేను కూడా వేములవాడ దాకా గొంతు చించుకుని, అక్కడ దిగి ఆటోలో సిరిసిల్ల చేరాను.

ఆమె ఇల్లు సాంచాల సందులో. ఆ సందులో మామూలు రోజుల్లో పక్కమనిషి మాట కూడా వినబడదట. ఆ రోజు అన్నీ బందే. కుక్క దగ్గినా వినబడేంత నిశ్శబ్దం. ఆమె నూలు కండెలు చుట్టే మిషన్ ముందు ఊరికే కూర్చుని ఉంది. సన్నగా, నా కూతురంటే నమ్మేంత వయసు. టీవీ మీద గోడకు మేకు, మేకుకు ప్లాస్టిక్ కవర్లో రిమోటు. నా చూపు అటు పోగానే ఆమెకు అర్థమైంది.

"అడగొద్దక్కా" అంది. "జీపు మొత్తం తీసుకోండ్రి, ఏమన్న జేసుకోండ్రి. గిది అడగొద్దు."

"ఏం జేస్తవమ్మా దీంతోని? తోలుదామంటె బండే లేకపాయె."

"ఉంచుకుంట."

"ఉంచుకోని?"

ఆమె లేచి రిమోటు తీసి నా ముందు పెట్టింది, చెయ్యి మాత్రం తియ్యలేదు. సెల్లులు లోపల లేవు. వేరే డబ్బీలో దాచింది. "లోపలనే ఉంటే కారుతయి, తింటయి" అంది. తర్వాత మెల్లగా చెప్పింది. భర్త దుబాయ్ పోయాడు. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడే ఆ జీపు తెచ్చాడు. తిరిగి పోయాక కొన్నాళ్ళు వారం వారం ఫోన్ వచ్చేది. తర్వాత కంపెనీ మారానన్నాడు. ఆ తర్వాత ఫోన్ కలవలేదు.

"ఏజెంటును అడిగితే ఉన్నడంటడు. ఒగలు జైల్ల ఉన్నడన్నరు. ఒగలు ఒమాన్ వొయ్యిండన్నరు. సచ్చిండని మాత్రం ఎవలు చెప్పలె. గందుకె నేను బొట్టు తియ్యలె, గా మేకుకున్నది తియ్యలె" అంది. రిమోటు తిప్పి బొత్తాలు చూపించింది. ఒకదాని మీది బాణం గుర్తు పూర్తిగా అరిగిపోయింది. "గిది ఆయన బొటనేలు అరగదీసింది. సూడు."

చూశాను. చూసి అక్కడే లేచి రావాల్సింది. నా నోరు ఊరుకుంటే కదా! "నీ మొగడు ఏడున్నడో ఎవలకు తెల్వది. కోరుట్లాయన ఏడున్నడో మాత్రం అందరికి ఎరుకే. మంచంల, గోడ దిక్కు తిరిగి ఉన్నడు. ఆయన పెండ్లాం కండ్లల్ల నీళ్లు నేను సూసిన" అనేశాను.

ఆమె రిమోటును మళ్ళీ మేకుకు తగిలించింది. లోపలికి పోయి చాయ్ పెట్టుకొచ్చింది. ఆ చాయ్ తాగడానికి నాకు మనసు రాలేదు, వదిలి రావడానికీ మనసు రాలేదు. తాగాను. గడప దాటేటప్పుడు చెప్పాను: జగిత్యాల బయట పెద్ద వంటావార్పు ఉంది, రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినడం. ఆ రోజు కోరుట్ల ట్రాక్టర్లలో లారీ ఆయన కూడా వస్తున్నాడు. లారీ కాలేదని ఉస్తాద్ ముఖాముఖి చెప్పి చేతిలో పెడతాడు. "నువ్వు రాకున్నా ఏమనుకోం" అన్నాను. ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. "లారీ మంచిగుంటదా?" అని మాత్రం అడిగింది. మంచిగుంటదన్నాను.

షాపుకొచ్చి ఉస్తాద్‌తో జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. అద్దాలు తుడుచుకుంటూ, "బలవంతంగ తెచ్చిన కోడలు కాపురం చేస్తదా బేటా? ఉండనియ్" అన్నాడు. ఆ పూట ఇద్దరం ఏ బండీ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఉస్తాద్ లేడు. షాపున్న చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బొమ్మ బండి ఆగిపోతే ఇంకోటి ఫోన్లో నొక్కి తెప్పించుకుంటున్నారు. తప్పేం కాదు, మాకు దొరక్క చేశాం, మీకు దొరుకుతోంది. కానీ ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలారా, ఒక మాట. మీ బల్ల మీదికొచ్చిన వస్తువుకు వెనక ఒక ఇల్లుంటుంది. దాన్ని మరిచి నేను సిరిసిల్లలో నోరు జారాను. టంకం జారితే మళ్ళీ వేడిచేసి తీయొచ్చు. ఉస్తాద్ ఉన్నప్పుడు ఆ ఇళ్ళ సంగతులన్నీ ఆయనే చూసుకునేవాడు, నేను తీగలు చూసుకునేదాన్ని. ఆయన గొంతుతో ఒక్కసారి "బేటా" అని పిలిపించుకోవాలని ఎంతుందో నాకు!

వంటావార్పు రోజు కరీంనగర్ రోడ్డు మీద రెండు వైపులా రాళ్ళు, కొయ్యలు అడ్డం పెట్టేశారు. మధ్యలో రోడ్డంతా ఖాళీ. ఒకవైపు వరసగా ఇటుకల పొయ్యిలు, గుండిగల్లో అన్నం, పప్పుచారు. ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు కోస్తూ పాటలందుకున్నారు. పోలీసులు చెట్ల నీడన కూర్చున్నారు. అతుకులన్న ఆ రోజు పెళ్ళిపెద్దలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

కోరుట్ల ట్రాక్టరు ట్రాలీలో పరుపు వేసి లారీ ఆయన్ని తెచ్చారు. నలుగురు ఎత్తి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారకుండా తువ్వాలతో నడుము కట్టారు. భుజాలు ఇప్పటికీ దిట్టంగా ఉన్నాయి, ముఖమే పీక్కుపోయింది. ఆయన ఎవరినీ చూడలేదు. రోడ్డునే చూశాడు. "గింత కాళీ రోడ్డు నా జిందగీల సూడలె" అన్నాడు ఎవరితోనో కాదు, తనతోనే.

ఉస్తాద్ ఆయన ముందు గొంతుకూర్చుని లారీ ఒళ్ళో పెట్టాడు. "మాఫ్ చెయ్యి భాయ్. పాణం వోసినం గని పిలిచేటోళ్లు దొరుకలె" అని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మీరేం జేస్తరు ఉస్తాద్. తియ్యుండ్రి" అన్నాడాయన. లారీని కనీసం చేత్తో కూడా తాకలేదు. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఉల్లిగడ్డల దగ్గరికి పోయి కత్తిపీట లాక్కుని కూర్చున్నాను. ఏడ్చినా ఎవరూ అడగరు కదా అని.

అన్నం ఉడుకుతుండగా సిరిసిల్ల నేతపనివాళ్ళ వ్యాన్ వచ్చింది. జెండాలతో జనం దిగారు, డప్పు దిగింది, చివర ఆమె దిగింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. నేను కత్తిపీట వదిలి ఉరికాను. నన్ను చూసి, "లారీ ఆయన ఎవలక్కా?" అని మాత్రం అంది.

ఆమెను చూడగానే ఉస్తాద్ ముఖం వెలిగిపోయింది. అంత గోలలోనూ తన పద్ధతి మరవలేదు. "చాయ్! మొదలు చాయ్!" అన్నాడు. కోరుట్ల ఆమె పొయ్యి మీంచి చాయ్ తెచ్చి సిరిసిల్ల ఆమెకు ఇచ్చింది. అతుకులన్న "వియ్యపురాలికి జై!" అని అరిచాడు. జనం ఎందుకో ఏమిటో తెలియకుండానే "జై" అన్నారు.

"ఇస్తున్నవా బిడ్డా?" అని అడిగాడు ఉస్తాద్.

"లోపలిది ఇస్తున్న" అంది.

"రిమోటు?"

ఆమె కవర్లోంచి రిమోటు తీసింది. "ఒక్కసారి నేను తోలి సూస్త సాబ్" అంది. ఉస్తాద్ తలూపాడు. నేను లారీని రోడ్డు మీద పెట్టాను. ఆమె సెల్లులు వేసి, ఏరియల్ లాగి, బొత్తాం నొక్కింది. లారీ ఒక్క దూకు దూకి పొయ్యిల వైపు పోయింది. ఆడవాళ్ళు కెవ్వుమని లేచారు. ఉల్లిగడ్డల కుప్పలోకి దూరి, బయటికొచ్చి, గుండిగ దిక్కు మళ్ళింది. ఆమెకు చేతులాడటం లేదు.

"అరే, ఎడమకు! ఎడమకు కొయ్యి! దానికి బ్రేకు లేదు, ఏలు తియ్యి! ఏలు తియ్యమంటాన్న!"

గట్టి గొంతు. ఎవరిదా అని అందరం వెనక్కి చూశాం. కుర్చీలో ఆయన తువ్వాల తెగిపోతుందా అన్నట్టు ముందుకు వంగి ఉన్నాడు. ఆయన భార్య ఆయన్నే చూస్తూ నోరు తెరిచి నిలబడింది. ఆయన గొంతు అంత పైకి లేవడం ఇన్నాళ్ళకు విన్నది.

సిరిసిల్ల ఆమె వేలు తీసింది. లారీ ఆగింది. ఆమె నడిచి వెళ్ళి, రిమోటును ఆయన రెండు చేతుల్లో పెట్టింది.

తర్వాత ఆయన తోలడం చూడాలి మీరు. మొదట లారీని కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి ఆడించాడు. ఆ తర్వాత రోడ్డు మధ్యలో పెద్ద మలుపు తిప్పాడు. రెండు రాళ్ళ సందులోకి వెనక నుంచి ఎక్కించి, నిజం ట్యాంకరు నిలిపినట్టు నిలిపాడు. నినాదాలు ఆగిపోయాయి. ఒక పోలీసాయన లారీకి అడ్డమొస్తోందని తన లాఠీ పక్కకు తీసుకున్నాడు. కోరుట్ల ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. ఉస్తాద్ అద్దాలు తీసి లాల్చీకి తుడుచుకుంటున్నాడు, ఎంతకీ తుడవడం అయిపోవడం లేదు.

సిరిసిల్ల ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. "నాకు తోలరాదక్కా" అంది. "నేనెన్నడు తోలలె. ఆయన సందు మూలకు కూసోని పంపేటోడు. నేను కండెలు చుట్టుకుంట ఉంటె జీపు నా కాడికచ్చేది. అచ్చుడొక్కటే నాకు ఎరుక."

సిరిసిల్లలో అన్నదానికి ఏమైనా అనాలని ఉంది. భుజం మీద చెయ్యి వేశాను, అంతే.

ఆమె కుర్చీ దగ్గరికి పోయింది. "అన్నా, నేను గాడ నిలవడ్త. ఒక్కపారి నా దిక్కు తోలుతవా?" అని అడిగింది.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు. "పో చెల్లె, నిలవడు" అన్నాడు.

ఆమె ఖాళీ రోడ్డు మీద నడుచుకుంటూ పోయింది. రిమోటు అందేంత దూరం పోయాక ఉస్తాద్ చాలన్నట్టు చెయ్యెత్తాడు. ఆమె ఇటు తిరిగి, కొంగు సర్దుకుని, చేతులు వదిలేసి నిలబడింది. ఆయన లారీని తీరిగ్గా కదిలించాడు. తొందరపడలేదు. రోడ్డు మీది గుంతను తప్పించాడు, పడి ఉన్న జెండా కర్రను తప్పించాడు. ఆమె కళ్ళు లారీ మీదే ఉన్నాయి. దగ్గరికి వచ్చేకొద్దీ వేగం తగ్గించి, ఆమె పాదాలకు జానెడు దూరంలో మెత్తగా ఆపాడు.

ఆమె చాలాసేపు వంగలేదు. అట్లాగే దాన్ని చూస్తూ నిలబడింది. తర్వాత రెండు చేతులతో ఎత్తుకుని, ఎవరినీ చూడకుండా తిరిగి నడిచొచ్చింది. ముఖమంతా తడిసిపోయి ఉంది. లారీని ఆయన ఒళ్ళో పెట్టింది. రిమోటు ఆయన చేతిలోనే ఉంది. తిరిగి అడగలేదు.

"నువ్వు మంచిగ తోల్తవన్నా, నిమ్మలంగ ఆపుతవు" అంది. "ఆయనైతె నా కాలికి గుద్దేటోడు."